పోలీసు మ్యూజియంలో పెద్దల చదువు

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో, జ్యుడీషియరీ స్క్వేర్ దగ్గర నేషనల్ లా ఎన్‌ఫోర్స్‌మెంట్ మ్యూజియం ఉంది. 2000లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసి అనుమతిస్తే, తలుపులు తెరుచుకున్నది 2018 అక్టోబరులో. భవనంలో ఎక్కువ భాగం నేల కిందే ఉంటుంది.

పాత బ్యాడ్జీలు, యూనిఫారాలు ఎలాగూ ఉంటాయి. పెద్దవాళ్లకు అసలు పాఠం మాత్రం సిమ్యులేటర్ ముందు మొదలవుతుంది. పోలీసుల శిక్షణలో ఇలాంటిదే వాడతారు. తెర మీద ఒక ఘటన నడుస్తుంది. ఎదుటి మనిషి చటుక్కున చెయ్యి కదిపితే, కాల్చాలా, మాటలతో ఆపాలా? తేల్చుకోవడానికి క్షణాలే గడువు. ఇంకోచోట 911కు వచ్చే అత్యవసర ఫోన్లు అందుకునేవారి పని చేసి చూడొచ్చు. ఆధారాలు పరిశీలించి కేసు తేల్చే విభాగమూ ఉంది.

పోలీసులకూ ప్రజలకూ మధ్య సంబంధాల మీద బహిరంగ చర్చలు కూడా ఈ మ్యూజియం నిర్వహిస్తూ వచ్చింది. నా మటుకు అన్నిటికన్నా విలువైనవి ఇవే. సిమ్యులేటర్ తుపాకీ పట్టినవాడి భయాన్ని చూపిస్తుంది. ఆ తుపాకీకి ఎదురుగా నిలబడ్డవాడి భయం తెలియాలంటే మనుషులు నోరు విప్పి మాట్లాడాల్సిందే.

వాషింగ్టన్ చుట్టుపక్కల ఉన్న తెలుగువారు, పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు వేళలు కనుక్కుని ఒక పూట అక్కడ గడపండి.