నేలపై పరచు లినోలియము, వినైలు షీట్లు
(చేవెళ్ల, మొయినాబాదు ప్రాంత గ్రామస్థుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మర్రిచెట్లకు పేరొందిన ఈ చేవెళ్ల బాటపై తాండూరు బండలు లారీలలో నగరమునకు పోవుట మీరు చిన్ననాటి నుండి చూచుచున్నారు. ఇప్పుడు అదే బాటపై నగరము నుండి గ్రామములకు చాపలవలె చుట్టిన రంగురంగుల షీట్లు వచ్చుచున్నవి. చెక్కనో, చలువరాతినో పోలిన అచ్చు వీనిపై ఉండును. కొందరు వీనిని ప్లాస్టిక్ కార్పెట్ అందురు. కొందరు లినోలియము అందురు. వీనిని కొనుటలో తప్పు లేదు. ఏ నేలపై పరచుచున్నామో చూచుకొనక పరచుటలోనే నష్టమున్నది. నేను ముఖ్యముగా చెప్పదలచినది అదియే.

ముందు పేరు సంగతి. మన పొరుగున షాబాదు మండలమున్నది గాన ‘షాబాదు బండ’ ఆ ఊరిదే యనుకొనువారు కలరు. ఆ పేరు నిజమునకు కర్ణాటకములోని షాహాబాదు పట్టణమునుండి వచ్చినది. లినోలియము విషయములోను ఇట్టి చిక్కే కలదు. ఇంగ్లండు దేశీయుడైన ఫ్రెడరిక్ వాల్టన్, రంగు డబ్బాలో అవిసె నూనె గాలికి మీగడవలె గట్టిపడి సాగెడు పొరగా మారుటను గమనించి, దానితో నేలకు పరపు చేయవచ్చునని ఊహించెను. 1863లో పేటెంటు పొందెను. లాటిన్ భాషలో అవిసెకును నూనెకును గల పేర్లను కలిపి ‘లినోలియం’ అను మాటను అతడే కల్పించెను. (ఇది గింజలనుండి నూనె తీయు పైరు, మన పెరళ్లలోని అవిసె చెట్టు వేరు.) 1878లో ఆ పేరు తమదేయని అతని కంపెనీ న్యాయస్థానమునకు వెళ్లగా, అది ఆ వస్తువుకే పేరైపోయినది, ఎవరైనను వాడవచ్చునని తీర్పు వచ్చెను. నాటినుండి ఆ పేరు ఎచ్చటెచ్చటికో పోయినది. మన అంగళ్లలో ఆ పేరుతో అమ్ముడగునది చాలవరకు లినోలియమే కాదు, వినైలు అను ప్లాస్టిక్.

నిజమైన లినోలియమునందు గట్టిపడిన అవిసె నూనె, చెట్టు బంక, బెండు పొడి, రంపపు పొట్టు, సున్నపురాతి పొడి ఉండును. ఈ ముద్దను రోలర్ల నడుమ గోనెగుడ్డపై ఒత్తి, ఎత్తైన గదులలో వారముల తరబడి వ్రేలాడదీసి ఆరబెట్టుదురు. రంగు పైనుండి గోనె వరకు ఒకటిగా ఉండును. అంచు కోసి చూచినచో మీకే తెలియును: అచ్చు పైపొరకే పరిమితమైనచో అది వినైలు.

మెత్తని నేలవలన సుఖము లేకపోలేదు. పుష్యమాసపు ఉదయమున బండపై కాలు మోపిన ముసలివారిని అడిగి చూడుడు.

మా యింట జరిగినది చెప్పెదను. మోకాళ్ల నొప్పులతో బాధపడుచున్న మా అమ్మగారి గదిలో, పాత బండల నేలపై, ఒక శ్రావణమాసమున వినైలు షీటు తెచ్చి చుట్టును జిగురు వేసి అంటించితిని. ఆమె మిక్కిలి సంతోషించినది. దసరా నాటికి గదిలో ముక్క వాసన. దీపావళికి ఒక అంచు పైకి లేచినది. ఆ అంచు కాలికి తగిలి ఆమె పడినది. మణికట్టు విరిగి ఆరు వారములు పిండికట్టుతో ఉండవలసివచ్చినది. షీటు ఎత్తి చూడగా క్రింద నల్లని బూజు, బండల సందులలో తడి. అంగడివాని దోషము లేదు. నేలను పరీక్షింపకపోవుట నా దోషము.

భూమిలోని చెమ్మ బండల సందులనుండి మెల్లగా పైకి వచ్చుచునే యుండును. నేల తెరచియున్నంత కాలము అది గాలిలో కలిసిపోవును, మన కంటికి కనబడదు. షీటు పరచుట ఉడుకుచున్న కుండపై మూత పెట్టుటవంటిది. మూత అడుగున నీరు పట్టదా?

పరీక్ష సులభము. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గల పలుచని ప్లాస్టిక్ ముక్కను నేలపై పరచి, నాలుగు అంచులను అంటుపట్టీతో గాలి చొరకుండ మూయుడు. ఒక పగలు, ఒక రాత్రి ఉంచి తీయుడు. అడుగున నీటిబొట్లు ఉన్నను, నేల నల్లబడినను అచ్చట షీటు అంటింపరాదు. ఈ పరీక్ష వానాకాలముననే చేయుడు. వేసవిలో ప్రతి నేలయు మంచిదిగనే తోచును. క్రొత్త సిమెంటు నేలను అంగుళము మందమునకు నెల చొప్పున ఆరనిమ్మని పనివారి లెక్క. వర్షములలో అదియు చాలదు. బండల సందులను, ఎత్తుపల్లములను సిమెంటుతో సరిచేసి ఆరనిచ్చిన పిదపనే పరచవలెను. లేనిచో ఆ గీతలన్నియు పైకి తేలి, అచ్చటనే చిరుగును.

మట్టి నేల అలుకుకొనువారు షీటును అంటింపనే వలదు. కావలసినపుడు పరచి, తరువాత చుట్టి ప్రక్కన పెట్టుడు.

కడుగుటలోను భేదమున్నది. సబ్బు చేయుటకు నూనెలో క్షారము కలుపుదురు కదా! చాకలి సోడాతో కడిగినచో లినోలియములోని నూనెకును అదే గతి పట్టును. వినైలుకు సోడా భయము లేదు గాని, పొయ్యిమీది గిన్నె దింపినచో కరగును. రబ్బరు అడుగు గల పట్టా వేసినచో పసుపు మరక పడును. తడిసినపుడు రెండును జారును. స్నానాలగది వాకిట వేయకుడు.

మిగిలిన వినైలు ముక్కలను పొయ్యిలో వేయుచున్న ఇండ్లు నేను చూచితిని. ఆ పొగలో ఘాటైన ఆమ్లవాయువు ఉండును. వంట చేయు తల్లి, ప్రక్కనున్న బిడ్డ దానిని పీల్చుదురు. చెత్త బండికే ఇయ్యుడు. పాత కట్టడములలో దశాబ్దముల నాటి వినైలు పలకలు ఉన్నచో పగులగొట్టుట, గీకుట చేయకుడు. ఆ రోజులలో అనేక పలకలలో ఊపిరితిత్తులకు హాని చేయు ఆస్‌బెస్టాస్ నార కలిపెడివారు.

నా వెంట మూరెడు ప్లాస్టిక్ ముక్కలు కొన్ని, అంటుపట్టీ చుట్టలు తెచ్చితిని. ఇంట షీటు వేయదలచినవారు తలా ఒకటి తీసికొనిపోయి, ఈ రాత్రియే మీ నేలపై అంటించి, రేపు రాత్రి తీసి చూడుడు.