బీదర్ నేల కింద బావుల వరుస

(రాయపూర్‌లో మన బ్యాంకు సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకువాళ్ళు మైకు పట్టుకుంటే వడ్డీ రేట్లే చెబుతారని భయం. ఈ సాయంత్రం వాటి జోలికి పోను. తేలీబాంధా, బూఢా తాలాబ్ గట్ల మీద నడిచే మనకు నీరు కళ్ళెదుటే కనబడుతుంది. నీటిని నేల కింద నడిపించిన ఊరి సంగతి చెబుతాను.

జహీరాబాద్ దాటి కర్ణాటకలోకి వెళితే బీదర్ వస్తుంది. 15వ శతాబ్దం మొదటి సగంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా రాజధానిని గుల్బర్గా నుంచి అక్కడికి మార్చాడు. ఊరు ఎర్రటి లాటరైట్ రాతి పీఠభూమి మీద ఉంది. వాననీరు ఆ రాతి సందుల్లోంచి ఇంకుతుంది. అడుగున గట్టి నల్లరాయి తగలగానే ఆగుతుంది. అక్కడ చేరిన నీటిని సన్నటి వాలుతో తవ్విన సొరంగ కాలువ ద్వారా బయటికి రప్పించారు. ఇరాన్‌లో ఈ పద్ధతిని కనాత్ అంటారు, బీదర్‌లో కారేజ్ అంటారు. నౌబాద్ దగ్గరి కారేజ్ పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దాని మీద వరుసగా 20కి పైగా బావులున్నాయి.

ఈ బావులు ఎందుకు? పిల్లలూ, ఒక లెక్క వేయండి. సొరంగాన్ని రెండు చివరల నుంచే తవ్వితే పనిచేసే ముఖాలు రెండే. మధ్యలో ఒక బావి దింపితే, దాని అడుగు నుంచి అటూ ఇటూ తవ్వొచ్చు. 20 బావులకు 40 ముఖాలు, చివరలతో కలిపి 42. నీరు ఊరే చోట మాత్రం దిగువ నుంచి ఎగువకే తవ్వుకుంటూ పోవాలి. అప్పుడూ మట్టి పైకి రావడానికి, గాలి లోపలికి పోవడానికి, వాలు సరిచూసుకోవడానికి బావే దారి. మేనేజ్‌మెంట్ చదువులో మాకు చార్టులు గీయించి నేర్పిన పాఠాన్ని వాళ్ళు తాడు, పలుగులతో చేసి చూపించారు.

విడిగా చూస్తే అవి చెత్త నిండిన పాడుబావులే. ఒకే గీత మీద చూస్తే కింద కాలువ ఉందని తెలుస్తుంది. కేరళకు చెందిన భూగోళ శాస్త్ర అధ్యాపకుడు గోవిందన్‌కుట్టి బృందం ఈ వరుసను పరిశీలించి పటం గీసింది. తర్వాత పూడిక తీస్తే నీరు మళ్ళీ కనిపించింది. ఇలాంటి చోట పరిశోధకులు వెతికేవి చిన్న గుర్తులే: బావి నోటి చుట్టూ పోసిన మట్టి, గోడ మీద పలుగు దెబ్బలు, దిగడానికి చెక్కిన కాలిమెట్లు. శాసనంలో రాజు పేరు ఉంటుంది. కూలివాడి గుర్తు ఈ గోడ మీదే ఉంటుంది.

2000 దాకా మనమూ మధ్యప్రదేశ్‌లోనే ఉన్నాం కదా. ఆ రాష్ట్రంలోని బుర్హాన్‌పూర్‌లో 1615 నాటి కుండీ భండారా ఉంది. అక్కడ వందకు పైగా బావులు, కింద నేటికీ పారే నీరు.

బావి లేకపోతే ఏమవుతుందో మనం ఈమధ్యే చూశాం. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం సుమారు 44 కిలోమీటర్లు. పైన పులుల అభయారణ్యం ఉండడంతో మధ్యలో ఎక్కడా దారి తవ్వలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, ఎనిమిది మంది చిక్కుకుపోయారు. సహాయక బృందాలు ఆ దూరమంతా బురదలో, నీటిలో లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఎనిమిది మందిలో ఎవరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. అడవినీ కాపాడుకోవాలి, మనిషినీ కాపాడుకోవాలి. ఈ రెంటి మధ్య లెక్క ఎంత కష్టమో ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చున్న ప్రతి ఇంటికీ తెలిసింది.

చివరిగా మన వృత్తికి సంబంధించిన మాట. ఊరు పెరిగితే ఇలాంటి బావులు లేఅవుట్లలో కలుస్తాయి. ఒక్క బావిని పూడ్చి ఇల్లు కడితే, కింద పారే నీటికి అడ్డం పడవచ్చు. ఆ ఇంటి పునాదికీ ప్రమాదమే. ఈసీలో, లింకు డాక్యుమెంట్లలో ఈ సంగతి ఉండదు. కాబట్టి గృహరుణం కోసం స్థలం చూడ్డానికి వెళ్ళినప్పుడు గుండ్రటి గుంత కనబడితే, పక్కింటి తాతగారిని ఒక్క మాట అడగండి: “ఇక్కడ ఇదివరకు ఏముండేదండీ?” మీరు సొంతిల్లు కొనేటప్పుడూ అడగండి.