బావిలోనుండి పలికిన స్వరం

(రేడియో ప్రసంగ పాఠం. ధ్యాన వాక్యభాగము: 1 సమూయేలు 28:3-25)

ఈ దినం మన ధ్యానాంశం కొంచెం కష్టమైనది. చనిపోయినవారితో మనం మాట్లాడవచ్చా? ఈ ప్రశ్న నేను కల్పించుకున్నది కాదు. మా సంఘంలో ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అబ్బాయి నన్ను అడిగాడు. ఆ కుటుంబం అనుమతితోనే ఈ సంగతి చెబుతున్నాను.

ఆ అబ్బాయి తండ్రి గుండెపోటుతో హఠాత్తుగా ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన కూడిక నేనే నడిపించాను. నాలుగు నెలల తరువాత వాళ్ళమ్మగారు ఫోన్ చేసి, "అయ్యగారూ, ఒకసారి వచ్చి ప్రార్థన చేయండి. బాబు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు" అన్నారు. వెళ్ళాను. వాడి మంచం మీద ఇంగ్లీషులో ఉన్న ఒక బొమ్మల నవల ఉంది. పక్కనే ఒక అట్టముక్క. దానిమీద ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా రాసి, మధ్యలో రూపాయి బిళ్ళ పెట్టాడు.

"ఏంటి బాబూ ఇది?" అన్నాను.

"నాన్నతో ఒక్కసారి మాట్లాడాలండీ. ఆ రోజు పొద్దున బండి తాళాలు ఇవ్వలేదని ఆయన మీద అరిచి కాలేజీకి వెళ్ళిపోయాను. సారీ చెప్పాలి. అందులో తప్పేముందండీ?"

ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం నా నోటిదాకా వచ్చింది. వాడి ముఖం చూసి ఆగిపోయాను. "ఆ పుస్తకం నాకివ్వు, చదివి వస్తాను" అన్నాను.

ఆ పుస్తకం పేరు లాక్ అండ్ కీ. జో హిల్ రాయగా గాబ్రియేల్ రోడ్రిగెజ్ బొమ్మలు వేశారు. 2008లో మొదలై 2013లో ముగిసింది. మిగిలిన భాగాలు కూడా వాడి దగ్గరే తీసుకుని చదివాను. అందులో నెత్తురు చాలా ఉంది, పసిపిల్లల చేతికి ఇవ్వదగినది కాదు. తండ్రి హత్యకు గురౌతాడు. తల్లి ముగ్గురు పిల్లలతో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న పూర్వీకుల ఇంటికి వస్తుంది. అక్కడ పాత బావి ఉన్న గదిలో, అందరికన్నా చిన్నవాడికి లోపలినుండి ఒక స్వరం వినబడుతుంది. అది తన మాటకే ప్రతిధ్వని అనుకుంటాడు. కాని అది తిరిగి జవాబిస్తుంది, స్నేహం చేస్తుంది, ఒక్కొక్కటిగా పనులు చేయించుకుంటుంది. ఆ స్వరం ఎవరిదో కథ ముందుకు వెళ్ళేకొద్దీ తెలుస్తుంది. చనిపోయిన ఒక యువకుణ్ణి, అతణ్ణి ప్రేమించిన స్త్రీ దుఃఖం పట్టలేక వెనక్కి పిలిచింది. వచ్చినదానికి అతని ముఖమే ఉంది, లోపల ఉన్నది మాత్రం దయ్యం.

ఈ కథ సువార్త కోసం రాసింది కాదు. అయినా ఒక సత్యం అందులో ఉంది. దుఃఖం తలుపు తెరిస్తే, లోపలికి వచ్చేది ఎవరో తెరిచినవారికి తెలియదు. అదే కథ చివరలో పెద్ద కొడుకు తన తండ్రిని పిలిచి, ఆయనతో మాట్లాడి వీడ్కోలు చెబుతాడు. మన అబ్బాయి మడిచిపెట్టుకున్న పేజీ అదే.

ప్రియులారా, వాక్యంలోకి వద్దాము. కర్ణపిశాచి గలవారిని దేశంలోనుండి వెళ్ళగొట్టినవాడు సౌలు రాజే. అలాంటివాడు మారువేషం వేసుకుని, రాత్రివేళ, ఏన్దోరులో అటువంటి స్త్రీ ఇంటి తలుపు తట్టాడు. ఎందుకు? ఫిలిష్తీయులు దండు దిగారు. దేవుడు స్వప్నముల ద్వారా గాని, ఊరీము ద్వారా గాని, ప్రవక్తల ద్వారా గాని జవాబివ్వలేదు. ఆ మౌనాన్ని భరించలేక వెళ్ళాడు. అక్కడ వచ్చినది నిజముగా సమూయేలేనా, మోసపరచే ఆత్మనా అని సెమినరీలో మేము గంటలకొద్దీ వాదించుకున్నాము. ఏదైనా సరే, సౌలుకు దొరికినదేమిటి? ఆదరణ దొరకలేదు. రేపు నీవును నీ కుమారులును చనిపోతారన్న కబురు దొరికింది. నేలమీద నిలువునా పడిపోయాడు. సమూయేలు బ్రదికి ఉన్నప్పుడు ఆయన మాట వినలేదు. పోయిన తరువాత ఆయన స్వరం కోసం వెదికాడు.

మరొక సంగతి చెబుతాను. హ్యారీ హౌడినీ అనే పేరు మీరు వినే ఉంటారు, సంకెళ్ళు విడిపించుకునే ఇంద్రజాలికుడు. 1913లో ఆయన విదేశంలో ఉండగా తల్లి చనిపోయింది. ఆ వెలితి ఆయనను వదలలేదు. 1922లో అట్లాంటిక్ సిటీలో, షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయల్ గారి భార్య, తనలోనికి ఆమె ఆత్మ వచ్చిందని చెప్పి ఆ తల్లి పేరిట పేజీలకు పేజీలు రాసి ఇచ్చింది. పేజీ పైన సిలువ గుర్తు. హౌడినీ ఆశతో చదివాడు. మనసు విరిగిపోయింది. ఆ తల్లి ఒక యూదు రబ్బీ భార్య, ఆమె సిలువ గుర్తు ఎందుకు వేస్తుంది? పైగా ఉత్తరమంతా ఇంగ్లీషులో ఉంది. ఆమె కుమారునితో మాట్లాడిన భాష అది కాదు. డాయల్ దంపతులు మోసగాళ్ళు కారు. డాయల్ కూడా 1918లో కుమారుణ్ణి పోగొట్టుకున్న తండ్రే. దుఃఖంలో ఉన్న మంచివారు సహితం తమ కోరికనే స్వరమని నమ్మగలరు. ఒకవైపు అపవాది మోసం, మరొకవైపు మన హృదయమే చేసే మోసం. ఈ రెంటికీ మధ్య మన పిల్లలను వదలకూడదనే తండ్రియైన దేవుడు ఆ ద్వారం మూశాడు. బావి అంచున ఉన్న బిడ్డను గట్టిగా వెనక్కి లాగిన తండ్రికి బిడ్డమీద పగ ఉంటుందా?

మరుసటి వారం వెళ్ళి ఇవన్నీ వాడికి చెప్పాను. అంతా విని, "అయితే నా సారీ ఎవరికి చెప్పాలండీ?" అన్నాడు.

శ్రోతలారా, అసలు ప్రశ్న అదే. నేనిలా అన్నాను. "నీ మాట నాన్నకు చేరుతుందని చెప్పడానికి నాకు వాక్యం లేదు, అబద్ధం చెప్పను. అయితే రోమా 14:9 ప్రకారం క్రీస్తు మృతులకును సజీవులకును ప్రభువు. నాన్న ఆయన చేతిలో ఉన్నారు. నీవూ ఆయన చేతిలోనే ఉన్నావు. తండ్రిని నొప్పించిన పాపాన్ని క్షమించే అధికారం ఆయనకుంది. ఆయనతో చెప్పు." వాడు చెప్పాడు. చాలాసేపు ఏడ్చాడు. నేను ఆపలేదు. లాజరు సమాధి దగ్గర మన ప్రభువు కూడా కన్నీళ్ళు విడిచాడు కదా.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. భూస్థాపన దినాన 1 థెస్సలొనీకయులు 4వ అధ్యాయం బాగా ప్రసంగించాను. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడకూడదని చెప్పాను. అయితే తరువాత నాలుగు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు. సంఘస్థులు కూడా ఆదరణ కూడికతో సరిపెట్టుకున్నారు. బ్రదికి ఉన్నవారు రావడం మానేస్తే, ఆ పిల్లవాడు చనిపోయినవారిని పిలిచాడు. అట్టముక్క మీద అక్షరాలు రాసింది వాడే. ఆ పరిస్థితిలో మాకూ భాగముంది.

ఆ అట్టముక్క ఏమైందో నేను అడగలేదు. ప్రతి గురువారం సాయంత్రం వెళ్తున్నాను. కొన్నిసార్లు మాట్లాడుకుంటాము, కొన్నిసార్లు టీ తాగి ఊరికే కూర్చుంటాము. నిద్ర ఇంకా పూర్తిగా పట్టడం లేదని వాళ్ళమ్మగారు అన్నారు. ప్రార్థిస్తున్నాము.

ప్రియ సహోదరీ సహోదరులారా, మీ వీధిలో ఈ సంవత్సరం ఎవరినైనా పోగొట్టుకున్న ఇల్లు ఉందా? ఈ వారం వెళ్ళండి. పోయిన మనిషి పేరు ఎత్తి మాట్లాడండి, భయపడకండి. మీ ఇంట్లో వారితో క్షమాపణ చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే, ఈ రాత్రే చెప్పండి. నా మాట వింటున్న మీలో ఎవరైనా బావి అంచున నిలబడి ఉంటే, ఆ స్వరానికి జవాబివ్వకండి. మరణపు తాళపుచెవులు మృతిని జయించిన యేసు చేతిలోనే ఉన్నాయి.

ప్రార్థన చేసుకుందాము. ప్రేమగల తండ్రీ, ప్రియులను పోగొట్టుకుని నిద్రలేని రాత్రులు గడుపుతున్నవారిని ఆదరించండి. మూయబడిన తలుపుల దగ్గరకు వారు వెళ్ళకుండా కాపాడండి. వారి తలుపులు తట్టడానికి మమ్మును పంపించండి. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.