జనం దేనికి నోరెళ్లబెట్టారు?

2007 జనవరి 9, శాన్‌ఫ్రాన్సిస్కో. ఐపాడ్, ఫోన్, ఇంటర్నెట్ డివైస్ అని మూడు పేర్లు చెప్పి, ఇవి మూడు కాదు, ఒక్కటే అన్నాడు స్టీవ్ జాబ్స్. హాలు ఊగిపోయింది. నిజానికి ఆ మొదటి ఐఫోన్‌లో 3జీ లేదు, వీడియో తీయలేం, కాపీ పేస్ట్ కూడా లేదు! అదే ఏడాది అమ్మకానికొచ్చిన నోకియా ఎన్95లో 3జీ, జీపీఎస్, 5 మెగాపిక్సెల్ కెమెరా, అన్నీ ఉన్నాయి. నా బీటెక్ బుర్ర నోకియాకే ఓటేస్తుంది. కానీ ఆ లాంచ్ వీడియో ఒకసారి చూడండి. పాటల లిస్టుని వేలితో అలా తోస్తే, జారుకుంటూ వెళ్లి మెల్లగా ఆగింది. జనం నోరెళ్లబెట్టింది దానికే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫీచర్ల లిస్టు పెంచడమే పని అనుకున్నా. లిస్టు ఎలా ఆగాలి అని ఒక్క మీటింగ్‌లోనూ అడగలేదండీ నేను.