పంట పండిన ఏడాదే

ఉపకులపతి గారికి, ఆచార్యులకు, వ్యవసాయ పట్టాలు అందుకుంటున్న మీకు, వెనక వరుసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు నమస్కారం.

వెనక వరుసల వాళ్లను విడిగా పలకరించడానికి కారణం ఉంది. మీలో చాలామంది ఫీజులు ధాన్యం అమ్మి కట్టినవే. నా ఫీజూ అంతే.

మా నాన్న కోనసీమలో కౌలు రైతు. నేను డిగ్రీ చదువుతుండగా ఒక దాళ్వా విరగపండింది. ఊరంతా ధాన్యం రాశులే. మా కల్లానికి వచ్చిన వ్యాపారి రాశిలోంచి గుప్పెడు తీసి, రెండు గింజలు పంటికింద కొరికి, "తేమ ఉంది" అన్నాడు. మూడు రోజులు అమ్మ ఎండలో కాళ్లతో చాళ్లు తీస్తూ ఆరబెట్టిన ధాన్యం అది. బస్తాకు రెండు కిలోలు తరుగన్నాడు. నాన్న నోరు మెదపలేదు. ఆకాశం మబ్బు పట్టి ఉంది. కప్పిన పరదాలు అద్దెవి. ఎరువుల బాకీ ఆ వ్యాపారికే కట్టాలి. ఇంకొకరికి అమ్ముదామంటే, ఆ వారం ప్రతి కల్లంలోనూ అమ్మేవాళ్లే గాని కొనేవాళ్లు లేరు.

బియ్యం చవకైందని ఎవరూ ఇంకో ముద్ద ఎక్కువ తినరు. అందుకే పంట కాస్త పెరిగితే ధర అంతకు మించి పడిపోతుంది. నాలుగు బస్తాలు ఎక్కువ పండించినవాడు వాటికి కోత కూలి, హమాలీ, బండి బాడుగ కూడా ఎక్కువ కట్టి, చేతికి తక్కువ తెచ్చుకుంటాడు. పైగా ఆ దిగుబడి చూసి మరుసటేడు కౌలు పెంచుతారు.

2011లో కోనసీమ రైతులు ఏం చేశారో మీరు పాఠంగా చదివి ఉండరు. అంతకుముందు దాళ్వా ధాన్యంతో మిల్లులు, గోదాములు నిండిపోయాయి. బాస్మతి కాని బియ్యం ఎగుమతిపై 2008లో పెట్టిన నిషేధం ఇంకా ఎత్తలేదు. మద్దతు ధర క్వింటాలుకు 1,000 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 750. చాలామందికి అదీ దక్కలేదు. ఆ సార్వాకు దాదాపు లక్ష ఎకరాల్లో నాట్లు వేయలేదు. పంట విరామం అన్నారు. కరువొచ్చి కాదు. 1852 నుంచి ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు తాగుతున్న నేలను రైతు తనంతట తాను బీడు పెట్టుకున్నాడు. అలా పెట్టుకోవడానికి ఎంత గుండెకోత ఉండాలో ఆలోచించండి. ప్రభుత్వం విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా గారితో కమిటీ వేసింది. ఎగుమతి నిషేధం ఆ సెప్టెంబరులో ఎత్తేశారు. అప్పటికి నాట్ల అదను దాటిపోయింది.

మారుటేరు స్వర్ణ, బాపట్ల సాంబమసూరి వంటి వరి వంగడాలు మన శాస్త్రవేత్తలు ఇచ్చిన వరాలు. వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఎకరానికి ఇన్ని బస్తాలని లెక్కగట్టి మన చదువు గట్టు దగ్గరే ఆగిపోయింది. కల్లం దాకా రాలేదు.

మీరు రండి. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అది రావాలంటే తేమ 17 శాతం దాటకూడదు. ఊరికో డ్రయ్యరు ఉంటే మబ్బు చూసి తెగనమ్ముకునే అవసరం రాదు. గోదాములో పెట్టి, రసీదు మీద అప్పు తెచ్చుకోగలిగితే రెండు నెలలు ఆగవచ్చు. కౌలు కార్డు చేతిలో లేని కౌలు రైతు కొనుగోలు కేంద్రం గుమ్మం దగ్గరే వెనక్కి తిరగాల్సి రావచ్చు. ఆ కార్డు ఎందుకు రాలేదో పట్టుబట్టి అడగండి. ఇవేవీ మీ పరిశోధనకు తక్కువ పనులు కావు.

ఉద్యోగంలో చేరాక కోతల నెలలో సెలవు పెట్టకండి. తేమ మీటరు తీసుకుని కల్లంలోకి దిగండి. గింజలు పోశాక మీటరును రైతు వైపు తిప్పి, అంకెను ఆయన్నే చదవనివ్వండి. ఆ పక్కన ధాన్యం తిరగేసే అమ్మ కూడా ఉంటుంది. ఆమెకూ చూపించండి.