తల దాచుకొను చోటు

పూర్వము బాటసారికి సత్రము కట్టించుట పుణ్యకార్యమని తలచెడివారు. రాజులు, జమీందారులు, వర్తకులు దారుల వెంబడిని, తీర్థములందును సత్రములు కట్టించి, వాటి నిర్వాహమునకు మాన్యములు వ్రాసి యిచ్చిరి. విశాఖపట్టణమున ఒక కలెక్టరు పేరిట వెలసిన టర్నరు సత్రమును ఎరిగినవారు మన శ్రోతలలో పెక్కురుందురు. కాని ఆ సత్రములు ఇల్లు గలిగి దారిలో నున్నవాని కొరకు. మరునాడు చేరుకొనుటకు ఏ యిల్లును లేనివాని మాట వేరు. అట్టివారిని గూర్చియు, వారికై పురపాలక సంఘములు పెట్టవలసిన ఖర్చును గూర్చియు నేడు ముచ్చటింపదలచితిమి.

వీరెందరు? 2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించిరి. దేశమంతట 17 లక్షల 73 వేలమంది తేలిరి. అందు 9 లక్షల 38 వేలమంది పట్టణములలోనివారే. 2001 నాటి లెక్కతో పోల్చినచో పల్లెలలో ఈ సంఖ్య తగ్గినది, పట్టణములలో పెరిగినది.

వీరందరును బిచ్చగాండ్రని పలువురి తలంపు. అది సరికాదు. మూటలు మోయు హమాలీలు, రిక్షా త్రొక్కువారు, పెండ్లి పందిళ్లలో వంటపాత్రలు తోముకొనువారు, చిత్తుకాగితములు ఏరువారు వీరిలో గలరు. బిడ్డలు వెళ్లగొట్టిన ముసలివారు గలరు. పెద్దాసుపత్రిలో రోగికి తోడు వచ్చి, వరండాలోనో చెట్టు క్రిందనో నెలల తరబడి పండుకొను బంధువులు సయితము ఆ రాత్రులలో నిలువనీడ లేనివారే.

2009 డిసెంబరులో ఢిల్లీలోని పూసా రోడ్డు వద్ద ఒక తాత్కాలిక రాత్రి వసతిని తొలగించిరి. ఆ చలిలో సంభవించిన మరణములు న్యాయస్థానముల దృష్టికి వచ్చినవి. ఆహారపు హక్కును గూర్చి 2001లో దాఖలైన వ్యాజ్యెములోనే సుప్రీంకోర్టు 2010లో ఈ విషయమును విచారించి, పెద్ద నగరములలో లక్ష జనాభాకు ఒక్కటి చొప్పున, ఏడాది పొడవునను రాత్రింబవళ్లు తెరచియుండు వసతి గృహములను నెలకొల్పవలెనని ఆదేశించినది.

2013లో జాతీయ పట్టణ జీవనోపాధి పథకము క్రింద దీనికి నిధులేర్పడినవి. ఒక్కొక్క గృహము 50 నుండి 100 మందికి. మనిషికి 50 చదరపు అడుగులకు తగ్గని చోటు. వ్యయములో కేంద్రము వంతు మొదట నూటికి 75, తరువాత చాల రాష్ట్రములకు 60. నిర్వహణకు 5 సంవత్సరముల వరకే సాయము. ఆ పథకపు గడువును 2024 సెప్టెంబరుతో ముగిసినది.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. గోడలకు ఒక్కమారు డబ్బిచ్చిన చాలును. దీపమునకు, నీటికి, దుప్పట్ల చాకిరేవునకు, కాపలావాని జీతమునకు నెలనెలయు కావలెను. పూర్వము సత్రపు మాన్యము చేసిన పని ఇదియే. మాన్యము లేని సత్రము ఎట్లు పాడుపడునో, ఏటేటి పద్దు లేని వసతి గృహమును అట్లే తాళము పడును. అట్లని కొరత డబ్బుదే కాదు. 2016లో సుప్రీంకోర్టు నియమించిన కైలాష్ గంభీరు సంఘము, వసతులు చాలకపోవుటను, మంజూరైన నిధులే ఖర్చుగాక మిగిలిపోవుటను కూడ ఎత్తి చూపినది. ఖాళీ స్థలమున్నదని ఊరి వెలుపల కట్టిన ఫలము లేదు. తెల్లవారుజామున మార్కెట్టులో నుండవలసిన హమాలీ అంత దూరము పోయి పండుకొనడు. స్త్రీలకు ప్రత్యేకముగ గది, సామాను దాచుకొనుటకు తాళపుపెట్టె లేనిచో వారు కాలిబాటనే మేలనుకొందురు.

ఇల్లు పోయినవానికి చోటు చూపుటకంటె, పోకుండ చూచుట చౌక. జబ్బు చేసి కూలి మానిన రెండు నెలలకే అద్దె బాకీపడి సంసారము వీథికెక్కును. ఆ రెండు నెలలు ఆదుకొనుటకయ్యెడి ఖర్చు, తరువాత ఏండ్ల తరబడి పెట్టవలసిన ఖర్చులో ఏపాటిది? ఇంగ్లండులో 2017 నాటి శాసనము, 56 దినములలో ఇల్లు కోల్పోవు ప్రమాదమున్నవారికి ముందుగనే తోడ్పడు బాధ్యతను స్థానిక సంస్థలపై నుంచినది. మన దేశమున 1985లో బొంబాయి కాలిబాట వాసుల వ్యాజ్యెమున సుప్రీంకోర్టు, జీవనోపాధి కూడ జీవించు హక్కులోనిదే యని చెప్పినది. గుడిసె తీయించునపుడు ముందు తెలుపుట, తీయించిన పిమ్మట ఎచ్చటికి పోవుదురని అడుగుట, ఇవియు నివారణ మార్గములే.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పేదరిక నివారణను పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనులలో చేర్చినది. కనుక ఈ ప్రశ్న ఢిల్లీని మాత్రమే అడుగదగినది కాదు. మీ ఊరి పురపాలక సంఘము బడ్జెట్టులో రాత్రి వసతికి ఏటేటి పద్దు ఉన్నదా? ఉన్నచో, నిరుడు దానిలో ఎంత ఖర్చు పెట్టిరి? ఈ రెండు ప్రశ్నలను మీ వార్డు సభ్యునితో ఒకమారు ప్రస్తావింపుడని మనవి చేయుచున్నాము.