సంఘ పాలక సభలు, కమిటీలు, సమాజములు



ధర్మపురి వంటి క్షేత్రమున ఉత్సవపు పనులకై దేవస్థానమువారు ఒక కమిటీని నియమింతురనుకొనుడు. ఉత్సవము ముగిసినంతనే దాని పని ముగియును. భజన మండలి యట్టిది కాదు. అది భక్తులు తమంతట తాము కూడి కట్టుకొన్నది. గుడిలో ఏ వేళ పాడవలెనో దేవస్థానము చెప్పవచ్చును. మండలివారి తాళములను మాత్రము తన జాబితాలో వ్రాసికొనజాలదు. క్రైస్తవ సంఘ పాలనలోను ఈ భేదమే ముఖ్యము. దీనిని మఱచుటచేతనే పెక్కు తగవులు పుట్టుచున్నవి.

దోర్నకల్ చరిత్రను చూడుడు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు భారత మిషనరీ సమాజమును స్థాపించిరి. అరవవారి చందాలతో తెలుగు పల్లెలలో సువార్త పని సాగెను! ఆ సమాజ స్థాపకులలో నొకరైన వి. యస్. అజరయ్యగారు 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయులు వారే. పిమ్మట ఆ అధ్యక్ష ఖండము విస్తరించి, లండనులో కార్యస్థానములు గల చర్చి మిషనరీ సొసైటీ, యస్.పి.జి. అను సమాజముల క్షేత్రములును అందు చేరెను. గురువునకు అభిషేక మిచ్చువారు బిషప్పు. ధనమో, చాలవఱకు సమాజములనుండి రావలసినది. ఆజ్ఞ యొకచోట, సంచి మఱియొకచోట నుండిన ఎంత యోర్పు కావలెనో గృహస్థులకు వేఱుగ చెప్పనేల?

కరీంనగరు ప్రాంతమున పని చేసినవారు వెస్లియన్ మెథడిస్టులు. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు వారును అందు కలిసిరి. కరీంనగరు అధ్యక్ష ఖండము 1978లో ఏర్పడినది. ఈ సంఘమున సర్వోన్నత సభ సినడు. అధ్యక్ష ఖండమునకు కౌన్సిలు, కౌన్సిలు కూడని దినములలో కార్యనిర్వాహక కమిటీ, దిగువను పాస్టరేటు కమిటీ కలవు. కమిటీ యధికారము ఎరువు సొమ్ము వంటిది. ఇచ్చిన సభ అడిగినపుడు లెక్క చెప్పితీరవలెను.

స్త్రీల సమాజము మాట వేఱు. మన తెలుగు సంఘములలో తల్లులు వంటకు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు తీసి దేవుని పేర కుండలో వేయు ఆచారము కలదు. ఆ బియ్యమమ్మిన సొమ్ము ఎవరిది? సంఘము పేర వచ్చినది గనుక మాదేయని పాస్టరేటు కమిటీవారందురు. రోగులకు, అనాథలకు అని చెప్పి తీసితిమి గదా, గోడకు సున్నము వేయుట కెట్లిత్తుమని స్త్రీలందురు. నా మతము స్త్రీల పక్షము. తన గోడల లోపల పని చేయు సమాజపు లెక్కలను చూచుటకు, అక్రమము కనబడిన నిలుపుటకు పాలక సభకు అధికారము కలదు. ఇచ్చినవారి యుద్దేశమును మార్చుటకు లేదు. సున్నము కావలసియున్నచో కమిటీవారు పోయి ఆ తల్లులనే అడుగవలెను. వారు కాదన్నచో వేఱుగ చందా ఎత్తవలెను.

అడుగుట కొంచెము కష్టమే. ఆ కమిటీలో కూర్చున్నవారు పెక్కుచోట్ల ఆ తల్లుల భర్తలే.